హైదరాబాద్ నడిబొడ్డున కుటుంబంతో వీకెండ్ బస: తరచుగా అడిగే ప్రశ్నలు

నాంపల్లి, లక్డీకాపూల్, అబిడ్స్, బషీర్‌బాగ్ చుట్టుపక్కల హోటళ్లలో రిసెప్షన్ కౌంటర్ వెనక పనిచేసినవాణ్ని. శుక్రవారం సాయంత్రం మొదలయ్యే ఫోన్లలో వినబడే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఇవే. వరంగల్ నుంచో, గుంటూరు నుంచో, లేకపోతే ఊరి శివార్లలోని అపార్ట్‌మెంట్ నుంచే పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకుని రెండు రోజులు సిటీ చూద్దామని వచ్చేవాళ్ల కోసం ఈ జవాబులు.

హైటెక్ సిటీ వైపు కొత్త హోటళ్లు బోలెడున్నాయి కదా, ఈ ఇరుకు రోడ్ల మధ్య ఎందుకు దిగాలి?

అటువైపు గదులు కొత్తవి, పెద్దవి. పైగా శని, ఆదివారాల్లో ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్లు తగ్గుతారు కాబట్టి ఒక్కోసారి రేటు కూడా ఇక్కడికంటే తక్కువే ఉంటుంది. శిల్పారామం, దుర్గం చెరువు, మాల్స్ మీ ప్లాన్ అయితే అక్కడే దిగండి, నేను అడ్డు చెప్పను.

మీరు చూడాలనుకునేది చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్ అయితే మాత్రం నడి ఊళ్లో గదికి ఒక లాభం ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకు గదికి తిరిగొచ్చి, ఏసీ వేసుకుని పడుకుని, నాలుగున్నరకు మళ్లీ బయల్దేరొచ్చు. పిల్లలున్నవాళ్లకూ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకూ ఈ మూడు గంటల విశ్రాంతే అసలు సౌకర్యం. గచ్చిబౌలి నుంచి వస్తే ఈ పని కుదరదు. పొద్దున బయల్దేరితే రాత్రికే గూటికి చేరడం. మధ్యలో పిల్లలు ఏ ఆటోలోనో నిద్రపోతారు, అమ్మమ్మ ఏ మెట్ల మీదో కూలబడుతుంది. మీరు చెల్లించే అద్దె ఆ మధ్యాహ్నం నిద్ర కోసమే అనుకోండి. కింద నేను చెప్పే సలహాల్లో చాలావరకు దాని చుట్టూ తిరిగేవే.

రామోజీ ఫిల్మ్‌సిటీ సంగతి వేరు. అది విజయవాడ హైవే మీద ఊరి బయట ఉంది, ఒక రోజంతా దానికే పోతుంది. ఇందులో కలపకండి.

ఈ నాలుగు ఏరియాల్లో కుటుంబానికి ఏది మంచిది?

నన్నడిగితే లక్డీకాపూల్, సైఫాబాద్ వైపు. మెట్రో స్టేషన్ నడిచే దూరం, బిర్లా మందిర్, హుస్సేన్‌సాగర్ దగ్గర. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. చుట్టూ నీలోఫర్ లాంటి పెద్ద ఆసుపత్రులు ఉండటంతో పేషెంట్ల బంధువులు వారాల తరబడి దిగే లాడ్జీలూ ఈ పక్కనే ఉంటాయి. ఫొటోలు చూసి లాడ్జికీ హోటల్‌కీ తేడా తెలియకపోవచ్చు, ఈమధ్య రాసిన రివ్యూలు చదవండి.

బషీర్‌బాగ్ కాస్త ప్రశాంతం, ట్యాంక్‌బండ్ పక్కనే, కానీ మెట్రో ఎక్కాలంటే అసెంబ్లీ స్టేషన్‌కో నాంపల్లికో రావాలి. అబిడ్స్‌లో దిగితే షాపింగ్, తిండి కాళ్ల దగ్గరే. నాంపల్లి స్టేషన్ ఎదురు వరస మాత్రం ఒంటరిగా వచ్చి పొద్దున్నే పని చూసుకుని పోయేవాళ్లకు సరిపోతుంది, పిల్లలతో వద్దు.

మా రైలు నాంపల్లి వస్తుందా, సికింద్రాబాద్ వస్తుందా?

టికెట్ మీద చివరి స్టేషన్ పేరు ఒకసారి మళ్లీ చూసుకోండి. ‘హైదరాబాద్ దక్కన్’ అంటే నాంపల్లే. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ మొదలయ్యాక కొన్ని రైళ్లు అక్కడే ఆగిపోతున్నాయి. అది ఊరికి తూర్పు కొస. తెల్లవారుజామున సామాన్లతో, నిద్రమత్తులో ఉన్న పిల్లలతో అక్కడ దిగితే నాంపల్లి దాకా క్యాబ్‌లో పెద్ద ప్రయాణమే. బస్సులో వచ్చేవాళ్లకు ఎంజీబీఎస్ దగ్గర మెట్రో ఉంది, అక్కడి నుంచి లక్డీకాపూల్‌కు నేరుగా రెడ్ లైన్.

పొద్దున ఐదింటికే దిగుతాం. గది ఇస్తారా?

చాలా హోటళ్లలో చెక్-ఇన్ మధ్యాహ్నం పన్నెండు లేదా రెండు గంటలకు. ‘24 గంటల చెక్-అవుట్’ ఉన్న హోటల్ అయితే మీరు ఎప్పుడు దిగితే అప్పటి నుంచి లెక్క. రైలులో వచ్చేవాళ్లకు ఇది బంగారం. పెద్ద హోటళ్లలో ఈ పద్ధతి తక్కువ, మధ్య తరగతి హోటళ్లలో ఇంకా ఉంది.

బుకింగ్ యాప్‌లో ‘ఎర్లీ చెక్-ఇన్ కావాలి’ అని రాస్తే అది కోరిక మాత్రమే, హామీ కాదు. ముందురోజు సాయంత్రం హోటల్‌కు నేరుగా ఫోన్ చేసి, ‘రేపు పొద్దున ఐదింటికి వస్తున్నాం, ఇద్దరు పిల్లలు, ఒక పెద్దావిడ ఉన్నారు, ఈ రాత్రి గది ఖాళీగా ఉంటుందా?’ అని అడగండి. రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకు ఏ గది ఖాళీయో తెలుసు. ఖాళీగా ఉంటే సగం రేటుకో, ఒక్కోసారి ఊరికేనో ఇచ్చేస్తారు. లేకపోతే ఆ సంగతి చెప్పేస్తారు, లాబీలో ఆరు గంటలు కూర్చునే ఖర్మ తప్పుతుంది. సామాన్లు పెట్టుకుని ముఖం కడుక్కోవడానికి మాత్రం ఎవరూ కాదనరు.

మేం ఆరుగురం. రెండు గదులు తీసుకోవాలా, ఒక గదిలో ఎక్స్‌ట్రా బెడ్లు వేయిస్తే సరిపోతుందా?

ఎక్స్‌ట్రా బెడ్ అంటే మంచం అనుకుంటారు. ఎక్కువ చోట్ల అది నేల మీద పరిచే పరుపు. అది వేశాక బాత్రూమ్‌కు వెళ్లే దారి మూసుకుపోతుంది. రాత్రి పెద్దవాళ్లు లేస్తే పిల్లల్ని తొక్కకుండా దాటాలి. ఒక గదికి ఒకటి ఫర్వాలేదు, రెండు వద్దు.

రెండు గదులు తీసుకుంటే ‘కనెక్టింగ్ రూమ్స్’ అని అడగండి. అంటే రెండింటి మధ్య లోపలి నుంచి తలుపు ఉంటుంది. ‘పక్కపక్క గదులు’ అని అడిగితే పక్కపక్కవే ఇస్తారు, కానీ వాకిలి వేరు. నానమ్మ దగ్గర పడుకున్న పిల్లాడు అర్ధరాత్రి అమ్మ కావాలని ఏడిస్తే కారిడార్‌లోంచి నడవాలి. కనెక్టింగ్ గదులు ఏ హోటల్లోనైనా నాలుగైదే ఉంటాయి, యాప్‌లో సరిగ్గా కనబడవు. ఫోన్ చేయాల్సిందే.

పిల్లల వయసు ముందే నిజం చెప్పండి. ఐదేళ్ల లోపు ఊరికే, పన్నెండు దాటితే పెద్దవాళ్ల కిందే లెక్క అనేది మామూలుగా ఉండే పద్ధతి. ఒక్కో హోటల్‌ది ఒక్కో రూలు.

ఆధార్ అందరిదీ కావాలా?

గదిలో ఉండే పెద్దవాళ్లందరిదీ కావాలి. ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్, ఏదో ఒకటి చాలు. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కాబట్టి తీసుకోరు. ఇది తెలియక గొడవపడేవాళ్లు ప్రతి వారం ఒకరైనా ఉంటారు. ఆధార్ నంబర్ మొత్తం ఇవ్వడం ఇష్టం లేకపోతే, చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్‌ను ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ (UIDAI) సైట్ నుంచి దించుకుని ప్రింట్ తెచ్చుకోండి.

అమెరికా నుంచి వచ్చిన అబ్బాయో కోడలో కూడా ఉంటే, వాళ్లది విదేశీ పాస్‌పోర్ట్ అయితే, కౌంటర్ దగ్గర ఇంకో పావుగంట పడుతుంది. విదేశీ పౌరులు దిగితే హోటల్ వాళ్లు ఆ వివరాలు 24 గంటల్లోగా ఇమ్మిగ్రేషన్ అధికారులకు ఆన్‌లైన్‌లో పంపాలి. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా పాస్‌పోర్ట్ చేతిలో ఉండాలి. ‘మేం తెలుగువాళ్లమే కదండీ’ అంటే కుదరదు. ఈ పని రాని చిన్న లాడ్జీలు వాళ్లకు గది ఇవ్వం అంటాయి కూడా, ముందే అడగండి.

బ్రేక్‌ఫాస్ట్ కలిపిన రేటు తీసుకోవాలా?

కౌంటర్ భాషలో ఈపీ అంటే ఒట్టి గది, సీపీ అంటే బ్రేక్‌ఫాస్ట్‌తో కలిపి. పిల్లలుంటే సీపీ తీసుకోండి. బయట ఇడ్లీ, దోశ ఇంతకంటే బాగుంటాయి, అందులో సందేహం లేదు. కానీ పొద్దున్నే ఆరుగురిని తయారు చేసి, రోడ్డు దాటించి, టేబుల్ దొరికే దాకా నిలబెట్టే శ్రమ తప్పుతుంది. ఆదివారం తొమ్మిదిన్నరకు బఫేలో జాతర. ఎనిమిది లోపు వెళ్తే దోశ పెనం దగ్గర లైన్ ఉండదు, పూరీలు వేడిగా ఉంటాయి.

లంచ్, డిన్నర్ కలిపిన ప్యాకేజీలు మాత్రం వద్దు. ఇంత దూరం వచ్చి హోటల్ బఫేలో బిర్యానీ తినడం ఏమిటి?

ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం తెచ్చుకోవచ్చా? పసిపాప పాలు ఎలా?

గదిలో తినడానికి చాలా చోట్ల ఏమీ అనరు. ఆవకాయ నూనె తెల్ల దుప్పటి మీద పడితే మాత్రం లాండ్రీ చార్జీ వేయొచ్చు, కింద పాత పేపర్ పరుచుకోండి.

గదిలో ఉండే కెటిల్ గురించి ఒక మాట. అందులో పాలు కాచేవాళ్లున్నారు, నూడుల్స్ ఉడికించేవాళ్లున్నారు, గుడ్లు ఉడకబెట్టినవాళ్లనూ చూశాను. పాలు పొంగి అడుగున మాడితే ఆ వాసన వారం పోదు. మీ పాపాయి పాలడబ్బా కోసం అదే కెటిల్‌లో నీళ్లు కాచాలి కదా! అందుకే ముందు రెండుసార్లు నీళ్లు కాచి పారబోయండి, లేదా మీదే చిన్న కెటిల్ ఒకటి తెచ్చుకోండి. అర్ధరాత్రి పాలు కావాలంటే కిచెన్ ఎన్నింటికి మూస్తారో చెక్-ఇన్ అప్పుడే కనుక్కుని, మూసే ముందు ఫ్లాస్క్‌లో పోయించుకోండి.

మా అమ్మకు మోకాళ్ల నొప్పి. ఏం అడగాలి?

లిఫ్ట్ ఉందా అని అందరూ అడుగుతారు. లిఫ్ట్ దాకా ఎన్ని మెట్లున్నాయో ఎవరూ అడగరు. అబిడ్స్‌లో పాత బిల్డింగుల్లో రోడ్డు నుంచి రిసెప్షన్‌కు అయిదారు మెట్లు ఎక్కాకే లిఫ్ట్ వస్తుంది. తర్వాత లిఫ్ట్‌కు దగ్గర గది అడగండి. పొడవాటి కారిడార్ చివరి గది ప్రశాంతమే గానీ రోజుకు నాలుగుసార్లు అంత దూరం నడవాలి.

బాత్రూమ్ గురించి మొహమాటపడకండి. వెస్ట్రన్ కమోడ్, పక్కన పట్టుకోవడానికి రాడ్, నేల జారకుండా మ్యాట్, ఒక ప్లాస్టిక్ స్టూల్, బకెట్, మగ్గు. కొత్త హోటళ్లలో షవర్ ఒక్కటే ఉంటుంది, బకెట్ అడిగితేనే తెస్తారు. షవర్ కింద నిలబడి స్నానం చేయడం అలవాటు లేని పెద్దవాళ్లు స్టూల్ మీద కూర్చుని హాయిగా పోసుకుంటారు. ఈ మాట ఫోన్‌లో చెబితే మీరు వచ్చేసరికి గదిలో పెట్టించి ఉంచుతారు.

రాత్రి గొడవగా ఉంటుందా?

రోడ్డు చప్పుడు పదకొండు తర్వాత తగ్గుతుంది. అసలు సమస్య హోటల్ లోపలే ఉంటుంది. నడి ఊళ్లో చాలా హోటళ్లకు గదుల ఆదాయం కంటే ఫంక్షన్ హాలు ఆదాయమే ముఖ్యం. మీరు మొదటి అంతస్తులో, హాలు రెండో అంతస్తులో ఉంటే సంగీత్ డ్యాన్సులు మీ నెత్తి మీదే.

బుక్ చేసే ముందు ‘శనివారం రాత్రి హాల్లో ఏదైనా ఫంక్షన్ ఉందా?’ అని అడగండి. ఉందంటే పై అంతస్తులో, వెనక వైపు గది కోరండి. ముహూర్తాలున్న మాఘ, శ్రావణ మాసాల్లో ఏ హోటల్లోనూ తప్పదు. మూఢం వచ్చినప్పుడు హాళ్లు ఖాళీ, కాబట్టి హోటల్ నిశ్శబ్దం, రేటు తగ్గించమని అడగడానికి కూడా అదే అదను. ఆషాఢమూ అంతే, కాకపోతే దాని సంగతి కింద చూడండి.

ఏ వీకెండ్లు మానుకోవాలి?

ఆషాఢంలో పెళ్లిళ్లు లేకపోయినా ఆదివారాలు బోనాలు. గోల్కొండతో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాత పాతబస్తీ లాల్‌దర్వాజ. ఏ ఆదివారం ఎక్కడో చూసుకోకుండా వస్తే దారులు మళ్లిస్తారు. బోనాలు చూడటానికే వస్తే మాత్రం అంతకంటే మంచి సమయం లేదు.

గణేశ్ నిమజ్జనం రోజు ఈ హోటళ్లలో దిగడం అంటే రోజంతా గదిలోనే. ఊరేగింపులన్నీ ట్యాంక్‌బండ్ వైపే వస్తాయి, కారు బయటికి తీయలేరు.

మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి మధ్య దాకా నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ జరుగుతుంది. 1938లో మొదలైన ఈ ఎగ్జిబిషన్ అంటే పిల్లలకు జెయింట్ వీల్, ఆడవాళ్లకు కశ్మీరీ శాలువాలు, మగవాళ్లకు కాళ్ల నొప్పులు. శని, ఆదివారాల్లో ఇసుక వేస్తే రాలరు. నుమాయిష్ కోసమే వస్తే నాంపల్లిలో గది పనికొస్తుంది, గాంధీభవన్ మెట్రో స్టేషన్ కూడా గ్రౌండ్స్‌కు దగ్గరే. సంక్రాంతి మూడు రోజులూ మాత్రం ఊరు సగం ఖాళీ, రోడ్లు విశాలంగా కనిపిస్తాయి. పండక్కి సొంతూరు వెళ్లని వాళ్లకు ఇది నా సిఫారసు.

రెండు రోజుల్లో ఏమేం చూడొచ్చు?

నాలుగు. అంతకంటే ఎక్కువ చూడాలని పట్టుబడితే నాలుగూ సరిగ్గా చూడరు. గోల్కొండ, జూ పార్క్ ఇంకోసారి.

శనివారం పొద్దున పది గంటలకు సాలార్‌జంగ్ మ్యూజియం తలుపు తీసేటప్పటికి అక్కడ ఉండండి. లోపల తెల్ల పాలరాతి ‘వెయిల్డ్ రెబెకా’ విగ్రహం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ముఖం మీది పల్చటి మేలిముసుగు కూడా రాయే అని పిల్లలకు చెబితే చేత్తో ముట్టుకోబోతారు, పట్టుకోండి. పన్నెండు కావస్తుండగా గడియారం దగ్గర చేరండి. గంట గంటకూ ఒక చిన్న బొమ్మ మనిషి బయటికొచ్చి గంట కొట్టిపోతాడు. పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు కాబట్టి జనం అప్పుడే ఎక్కువ. ముందు వరసలో చోటు కావాలంటే పావుగంట ముందు కూర్చోవాలి. శుక్రవారం ఈ మ్యూజియమూ, చౌమహల్లా ప్యాలెస్సూ సెలవు. శుక్రవారమే సెలవు పెట్టి వచ్చేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఒంటిగంటకు భోజనం, గది, నిద్ర.

నాలుగున్నరకు బిర్లా మందిర్. మధ్యాహ్నం మూసి ఉంటుంది కాబట్టి ముందు వెళ్లి లాభం లేదు, ఎండకు పాలరాయి కాలుతుంది కూడా. ఫోన్లు లోపలికి రానివ్వరు, గదిలోనే వదిలి ఒక్కటి మాత్రం పట్టుకెళ్తే కౌంటర్ దగ్గర ఇచ్చే తంటా తగ్గుతుంది. గుట్ట మీద నుంచి హుస్సేన్‌సాగర్ అంతా కనబడుతుంది. అక్కడి నుంచి లుంబినీ పార్క్‌కు దిగి బోటులో బుద్ధుడి దగ్గరికి. ఒకే రాతిలో చెక్కిన ఆ విగ్రహం 1990లో తరలిస్తుండగా నీళ్లలో మునిగిపోయింది, 1992లో పైకి తీసి నిలబెట్టారు. చీకటి పడ్డాక కొత్త సెక్రటేరియట్ లైట్లు చూసి గదికి.

ఆదివారం తెల్లవారే చార్మినార్. ఆరున్నరకు అక్కడ పావురాలు, ఇరానీ చాయ్ తాగేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. 1591 నాటి ఆ కట్టడం చుట్టూ తిరిగి నాలుగు వైపులా తీరిగ్గా చూడొచ్చు, ఫొటోలో అపరిచితులు పడరు. పైకి ఎక్కాలంటే తొమ్మిదిన్నర దాకా ఆగాలి, మెట్లు ఇరుకు, ఎత్తు. పెద్దవాళ్లతో వస్తే ఎక్కకండి. లాడ్‌బజార్ గాజుల దుకాణాలు కూడా అప్పటికి తెరవవు. గాజులే ముఖ్యం అంటే శనివారం సాయంత్రం ప్లాన్ మార్చుకుని అటు వెళ్లండి, కానీ పసిపిల్లల్ని చంకన వేసుకుని ఆ రద్దీలోకి వెళ్లమని నేను చెప్పను.

ఎనిమిదిన్నరకల్లా తిరిగొచ్చి బ్రేక్‌ఫాస్ట్. తర్వాత ఓపిక ఉన్నవాళ్లు అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద ఆదివారం పాత పుస్తకాల బజారుకు.

కారు తేవాలా, ఆటో, మెట్రో సరిపోతాయా?

హోటల్ దాకా కారులో రండి, తర్వాత కారు సెల్లార్‌లోనే వదిలేయండి. పాతబస్తీలో పార్కింగ్ వెతకడం ఒక రోజు పని. సెల్లార్ ఎత్తు ఎంతో కనుక్కోండి, పైన క్యారియర్ కట్టిన ఇన్నోవాలు ర్యాంప్ దగ్గరే ఇరుక్కుంటాయి. డ్రైవర్ ఉంటే అతనికి పడుకునే చోటు ఉందా అని మర్చిపోకుండా అడగండి, లేకపోతే పాపం కారులోనే.

చార్మినార్‌కు మెట్రో లేదు. ఎంజీబీఎస్ దాకా వెళ్లి ఆటో ఎక్కడం కంటే గది నుంచే ఆటో నయం. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం, కానీ ఆ మహాలక్ష్మి పథకం తెలంగాణ చిరునామా ఉన్న కార్డు చూపిస్తేనే. ఆంధ్ర ఆధార్‌తో ఎక్కితే టికెట్ తీసుకోవాలి. అక్కడి ఉచిత బస్సు పథకం స్త్రీ శక్తి ఇక్కడ చెల్లదు.

స్విమ్మింగ్ పూల్ ఉందని ఫొటోలో చూశాం. పిల్లలు దిగొచ్చా?

నైలాన్ డ్రెస్ లేకుండా దిగనివ్వరు, టీషర్టు, కాటన్ నిక్కరు నడవవు. ఈ ఏరియాలో పూల్ ఉన్న హోటళ్లు తక్కువ. ఉన్నా రిపేరులో ఉందేమో బుక్ చేసే రోజే అడగండి.

బిల్లులో ఏమేం చూసుకోవాలి?

2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదికి జీఎస్‌టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. ఈ గీత దగ్గర జాగ్రత్త. 7,400 గదికి పన్నుతో 7,770 అవుతుంది. 7,600 గదికి 8,968. వీకెండ్ పేరుతో రేటు కొంచెం పెరిగి ఈ గీత దాటుతుంటుంది. యాప్‌లో మొదట కనబడే అంకె పన్ను లేనిది, చివరి పేజీ దాకా వెళ్లి పోల్చుకోండి. అదే మొత్తం చెప్పి హోటల్‌కు ఫోన్ చేస్తే, యాప్ కమీషన్ మిగులుతుంది కాబట్టి బ్రేక్‌ఫాస్టో, ఎక్స్‌ట్రా బెడ్డో కలిపి ఇస్తామనే చోట్లు చాలా ఉన్నాయి.

రెస్టారెంట్ బిల్లులో సర్వీస్ చార్జ్ దానంతటదే వేసేస్తే తీసేయమని అడగొచ్చు. 2022లో వినియోగదారుల రక్షణ అథారిటీ ఇచ్చిన మార్గదర్శకాలను 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. గొంతు పెంచక్కర్లేదు, మెల్లగా చెబితే చాలు. మీకు వడ్డించిన కుర్రాడికి టిప్ చేతికే ఇవ్వండి.

మినీబార్‌లోని చాక్లెట్ ఊరికే కాదని పిల్లలకు దిగగానే చెప్పండి.

ఆదివారం పన్నెండింటికి చెక్-అవుట్, రైలు రాత్రికి. మధ్యలో ఎక్కడుండాలి?

సామాన్లు క్లోక్ రూమ్‌లో పెట్టి టోకెన్ తీసుకోండి, దానికి డబ్బు అడగరు. రెండు గదులుంటే ఒకటి ఖాళీ చేసి, రెండోది సాయంత్రం ఆరు దాకా సగం అద్దెకు ఉంచుకోవడం తెలివైన పని. పెద్దవాళ్లు, పిల్లలు అందులో పడుకుంటారు, మిగతావాళ్లు అబిడ్స్‌లో పని చూసుకుంటారు. ఆదివారం రాత్రికి గదులు ఎలాగూ ఖాళీ అవుతాయి కాబట్టి మేనేజర్ ఒప్పుకుంటాడు. పొద్దున పది లోపే అడగాలి, పన్నెండు దాటాక కాదు. సాయంత్రం స్టేషన్‌కు బయల్దేరేటప్పుడు దారిలో మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆగి ఐస్‌క్రీమ్ తినొచ్చు, ఇంటికి బిస్కెట్లూ అక్కడే కొనుక్కోవచ్చు.

గది వదిలే ముందు ఫ్రిజ్, బాత్రూమ్ తలుపు వెనక కొక్కెం, మంచం పక్క ప్లగ్, లాకర్ చూసుకోండి. ఎక్కువగా మిగిలిపోయేవి ఇన్సులిన్, చార్జర్లు, పెద్దవాళ్ల పళ్ల సెట్లు. ఫోన్ చేస్తే పార్సిల్ చేస్తారు, ఇన్సులిన్ మాత్రం దారిలో పాడైపోతుంది కాబట్టి ఫ్రిజ్ ముందు తెరవండి.